మెటల్ డిటెక్టర్ కొనేముందు: మన నేలలో పెట్టి పోల్చి చూసుకునే పద్ధతి

తొలకరి పడితే చాలు, కర్నూలు, అనంతపురం జిల్లాల్లోని జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో తల వంచుకుని నేల చూస్తూ నడిచే జనం కనబడతారు. వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద మకాం పెడతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ‘మెటల్ డిటెక్టర్ ఏది కొంటే మంచిదన్నా?’ అని అడిగేవాళ్లూ ఎక్కువవుతారు. వాళ్లకు ముందుగా చెప్పాల్సింది ఒకటే. వజ్రం లోహం కాదు. అందులో కరెంటు పారదు. మీరు రెండు వేలు పెట్టినా రెండు లక్షలు పెట్టినా, ఏ మెటల్ డిటెక్టర్‌కైనా వజ్రమూ గులకరాయీ ఒకటే. వజ్రాల కోసమే అయితే ఇక్కడితో ఆపేసి ఆ డబ్బు దాచుకోండి.

ఇంకేదైనా పని ఉండి కొనాలనుకునేవాళ్ల కోసమే మిగతాదంతా. అనంతపురం, గుంతకల్లు, పత్తికొండ చుట్టుపక్కల ఎర్రనేల, నల్లరేగడి మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇంటర్నెట్‌లో కనబడే సమీక్షల్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్ పచ్చిక మైదానాల్లోనో అమెరికా పార్కుల్లోనో చేసినవి. అక్కడ గెలిచిన మిషన్ మన గరపనేలలో రోజంతా అరుస్తూ కూర్చోవచ్చు.

మొదటి పని: ఏం వెతకాలో కాగితం మీద రాసుకోండి

‘ఏదైనా దొరుకుతుందేమో చూద్దాం’ అని కొన్నవాళ్ల మిషన్లు నెల తిరక్కుండా అటకెక్కుతాయి. పని తెలిస్తేనే మిషన్ తేలుతుంది.

మన వైపు నిజంగా ఉండే పనులు ఇవి. చెనక్కాయ పీకేటప్పుడో కళ్లంలోనో ఊడిపోయిన కమ్మ, ఉంగరం, మెట్టె వెతకడం. ట్రాక్టరుకు, కోత మిషన్‌కు అడ్డం పడే బోల్టులు, విరిగిన కర్రు ముక్కలు ఏరడం. పూడిపోయిన ఇనుప పైపు, గేట్ వాల్వు ఎక్కడుందో పట్టుకోవడం. ప్లాటు హద్దుకు పాతిన ఇనుప కడ్డీ వెతకడం. సొంత చేలో సరదాగా తిరగడం. వీటన్నిటికీ మొదటి స్థాయి మిషన్ చాలు.

చేయలేని పనులు కూడా రాసుకోవాలి. పీవీసీ పైపును పట్టదు, ప్లాస్టిక్ కాబట్టి. చేలో మిషన్ పట్టుకుని తిరుగుతుంటే గట్టు మీద నుంచి ఎవరో ఒకరు ‘ఏంప్పా, బోరుకు నీళ్లు కూడా చూపిస్తుందా?’ అని అడగడం ఖాయం. చూపించదు.

బంగారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. జొన్నగిరిలో, రామగిరిలో బంగారం ఉన్న మాట నిజమే. కానీ అది తెల్లరాయిలో, దాని చుట్టూ ఉన్న రాతిలో కంటికి కనబడని రేణువులుగా ఉంటుంది. టన్ను రాయి పిండి చేస్తే కొద్ది గ్రాములు వచ్చే వ్యవహారం. దాన్ని చేతి మిషన్ పట్టలేదు. చిన్న బంగారు ముక్కల కోసమే చేసిన మిషన్లు వేరే ఉన్నాయి. మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 అనేది 45 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ (సెకనుకు 45 వేల ఊపులు) మీద, ఫిషర్ గోల్డ్ బగ్ 2 అనేది 71 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. అవి మొదటి స్థాయి ధరలో రావు. అవి కూడా కనీసం చిన్న ముక్క ఉంటేనే పలుకుతాయి, రాతిలోని దుమ్ముకు పలకవు.

రెండో పని: చట్టం తెలుసుకోండి, డబ్బు కట్టకముందే

మిషన్ కొనడం ఒక ఎత్తు, దాంతో ఎక్కడ తవ్వుతున్నామన్నది ఇంకో ఎత్తు. మన వైపు గుప్తనిధుల పిచ్చితో గుళ్లు, కోటలు తవ్వి కేసుల్లో ఇరుక్కున్నవాళ్ల వార్తలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. డిటెక్టర్ చేతిలో ఉండి పాత గుడి దగ్గర దొరికితే సరదాకు వచ్చానంటే ఎవరూ నమ్మరు.

1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు పది రూపాయలకు మించినది దొరికితే, దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు పడొచ్చు, చట్టప్రకారం రావాల్సిన వాటా కూడా పోతుంది. పది రూపాయల లెక్క 1878 నాటిది, ఇప్పటికి హాస్యంగానే ఉంటుంది, కానీ చట్టం చట్టమే. వందేళ్లు దాటిన పురావస్తువులకు 1972 చట్టం వేరే ఉంది. లైసెన్సు లేకుండా వాటితో వ్యాపారం చేస్తే నేరం. గుత్తి కోటలాంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. జొన్నగిరి దగ్గర ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్న బండలకైనా అంతే. అడవిలో అసలు మిషన్ తియ్యకండి. ఇతరుల చేనైతే ఆసామిని అడిగి, దొరికింది ఎవరిదో ముందే మాట్లాడుకోండి. నోటిమాట చాలదు, ఒక ముక్క రాయించుకుంటే మేలు.

2017 డిసెంబరులో తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధుల కోసం సర్కారు అనుమతితోనే తవ్వకాలు జరిగాయి. ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి. నిధి మాత్రం రాలేదు. అధికారులు, యంత్రాలు అన్నీ ఉండి జరిగిన కథ అది.

మూడో పని: అయస్కాంతంతో మీ నేలను అడగండి

పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి చాలు. దాన్ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో వేసి, మీరు ఎక్కువగా తిరగబోయే చేలో పొడిమట్టి మీద అటూ ఇటూ ఈడ్చండి. పైకెత్తి చూడండి. కవరుకు నల్లటి సన్న పొడి మీసాల్లా నిక్కపొడుచుకుని అంటుకుంటే, ఆ నేలలో ఇనుప ఖనిజం బాగా ఉన్నట్టు. వంకలో ఇసుక మీద చేస్తే ఇంకా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే వరద తేలికైన ఇసుకను మోసుకుపోయి బరువైన నల్ల ఇసుకను కిందికి దించుతుంది. కవరును తిరగేసి అయస్కాంతాన్ని బయటికి తీస్తే పొడి అంతా లోపలే రాలిపోతుంది. అయిదు చోట్ల చూసి, ఎక్కడ ఎంత అంటుకుందో గుర్తుపెట్టుకోండి.

ఇది ఎందుకంటే, డిటెక్టర్ నేలలోకి అయస్కాంత క్షేత్రం పంపుతుంది. లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ సుడులు పుట్టి, అవి తిరిగి పంపే క్షేత్రాన్ని కాయిల్ (మిషన్ కింది చివర పళ్లెంలా ఉండే తీగచుట్టు) అందుకుంటుంది. ఇనుప ఖనిజం కలిసిన మట్టి కూడా తనవంతుగా బదులిస్తుంది. నేల మాట్లాడే చప్పుడులో చిన్న కమ్మ మాట వినబడకుండా పోతుంది. మన ఎర్రనేలలకు ఆ రంగు ఇచ్చేదే ఇనుప ఆక్సైడు. అనంతపురం జిల్లాలో డి.హీరేహాళ్ వైపు ఇనుప గనులే ఉన్నాయి. పొలాల్లో నల్లరాళ్లు తేలిన చోట ఒక్కో రాయి లోహంలాగే పలుకుతుంది. డిటెక్టర్ వాడేవాళ్లు వాటిని ‘హాట్ రాక్’ అంటారు.

అయస్కాంతానికి పొడి ఎక్కువ అంటుకుందా? అయితే మీకు నేల చప్పుడును తీసేసేలా సర్దుకునే గ్రౌండ్ బ్యాలెన్స్ ఉన్న మిషన్, లేదంటే ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీల మీద నడిచే మిషన్ కావాలి. ఏమీ అంటుకోకపోతే చవక మిషన్‌తోనూ గడిచిపోతుంది. ఈ పది నిమిషాల పరీక్ష చేయకుండా మోడళ్ల పేర్లు చర్చించుకోవడం దండగ.

నాలుగో పని: డబ్బా మీద మాటల్లో ఏవి చూడాలి

లోతు. డబ్బా మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది, అన్నిటికన్నా తక్కువ నమ్మాల్సింది ఇదే. మొదటి స్థాయి మిషన్‌కు నాణెం సైజు వస్తువు మంచి నేలలో 15 నుంచి 20 సెంటీమీటర్ల దాకా అందితే గొప్పే. మన ఎర్రనేలలో అంతకన్నా తగ్గుతుంది. ‘మూడు మీటర్లు’ అని రాసి ఉంటే అది పెద్ద ఇనుప పీపా లాంటిదాని లెక్క, లేదా అబద్ధం.

ఫ్రీక్వెన్సీ. తక్కువ ఫ్రీక్వెన్సీ, అంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్, వెండి, రాగి, లావాటి నాణేలకు బాగుంటుంది. 12, 15 వైపు వెళ్తే సన్న బంగారం మీద చూపు మెరుగవుతుంది. కమ్మలు, ఉంగరాలు మీ జాబితాలో మొదట ఉంటే 10 కిలోహెర్ట్జ్‌కు పైన ఉన్నవాటినే చూడండి.

కాయిల్. కాన్‌సెంట్రిక్ అనేది గుండ్రటి రెండు తీగచుట్లు ఒకదానిలో ఒకటి ఉన్నది. డీడీ అనేది ఇంగ్లీషు డీ అక్షరాలు రెండు వీపులు కలిపి పెట్టినట్టుండేది. ఇనుప ఖనిజం ఎక్కువున్న నేలలో డీడీ నిమ్మళంగా ఉంటుంది, తక్కువ అరుస్తుంది. సైజు పెరిగితే పెద్ద వస్తువులకు లోతు పెరుగుతుంది, చిన్న కమ్మలకు చూపు తగ్గుతుంది, చేతికి బరువూ పెరుగుతుంది. 9 నుంచి 11 అంగుళాల మధ్యది మొదటి మిషన్‌కు సరిపోతుంది.

గ్రౌండ్ బ్యాలెన్స్. నేల చేసే చప్పుడును లెక్కలోంచి తీసేసే ఏర్పాటు ఇది. కొన్ని మిషన్లలో ఇది కంపెనీలోనే ఒకచోట బిగించేసి వస్తుంది, మనం మార్చలేం. కొన్నిటిలో మిషన్ తనంతట తానే చూసుకుంటుంది. ఇంకొన్నిటిలో బటన్ నొక్కి కాయిల్‌ను నేలకు పైకీ కిందికీ ఊపితే ఆ నేలకు సర్దుకుంటుంది. ఎర్రనేలవాళ్లు ముందుగా చూడాల్సిన గడి ఇదే.

డిస్క్రిమినేషన్. ‘ఇనుము వద్దు’ అని మిషన్‌కు చెప్పడం. వినడానికి బాగుంటుంది గానీ దీనిలో రెండు తంటాలున్నాయి. ఇప్పటి ఒక రూపాయి నాణెం స్టీలుది, అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇనుము వద్దంటే అదీ పోవచ్చు. రెండోది దీనికన్నా ఖరీదైనది. చిన్న బంగారు ఉంగరం, అల్యూమినియం రేకు, కూల్‌డ్రింక్ టిన్ను మూత తీసే పుల్‌ట్యాబ్, ఇవన్నీ మిషన్ తెర మీద దాదాపు ఒకే అంకె (లోహం రకాన్ని బట్టి వచ్చే గుర్తు) చూపిస్తాయి. చెత్త వద్దని రేకును కొట్టేస్తే ఉంగరాన్ని కూడా కొట్టేసినట్టే. పోయిన నగ వెతికేటప్పుడు ఇనుము ఒక్కదాన్నే ఆపి, మిగతా ప్రతి చప్పుడుకూ వంగి తవ్వాల్సిందే.

సన్న గొలుసుల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లల్లో పోయేవి ఎక్కువగా అవే. పది గ్రాముల గొలుసైనా డిటెక్టర్‌కు పది గ్రాముల ముద్దలా కనబడదు. లింకు లింకుగా, చిన్న చిన్న రింగుల వరుసగా కనబడుతుంది. అందుకే లావు ఉంగరం దొరికే లోతులో గొలుసు దొరకదు. కొక్కెమో లాకెట్టో పలికితే పలుకుతుంది. ఆ గ్రాములు చూసి మిషన్‌ను తిట్టడం న్యాయం కాదు.

పల్స్ ఇండక్షన్ అనే రకం మిషన్లు ఖనిజపు నేలను బాగా తట్టుకుంటాయి, లోతుకూ వెళ్తాయి. కానీ ఇనుమో కాదో సరిగా చెప్పలేవు. ఎద్దుల లాడాలు, లాడం మేకులు వందేళ్లుగా రాలిన చేలో అలాంటి మిషన్ పట్టుకుంటే రోజంతా మేకులే తవ్వుతారు. మొదటి మిషన్‌గా వద్దు.

అయిదో పని: పోల్చడానికి మోడళ్లు

గ్యారెట్ ఏస్ 200 అనేది 6.5 కిలోహెర్ట్జ్, 6.5 బై 9 అంగుళాల కాన్‌సెంట్రిక్ కాయిల్. ఏస్ 300 అనేది 8 కిలోహెర్ట్జ్, 7 బై 10 అంగుళాలు. రెండిటిలోనూ గ్రౌండ్ బ్యాలెన్స్ బిగించి వస్తుంది. వాడటం చాలా సులువు, పిల్లలు కూడా అయిదు నిమిషాల్లో నేర్చుకుంటారు. నల్లరేగడిలో, ఊళ్లో ఇంటి స్థలాల్లో సరిపోతాయి. అయస్కాంతానికి మీసాలు మొలిచిన చేలో వీటిని నేనైతే కొనను. ఏస్ 400కు 10 కిలోహెర్ట్జ్, 8.5 బై 11 డీడీ కాయిల్ వస్తాయి, ఆ పాటికి ధర కూడా పక్కవాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది.

మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్ వరుస (340, 440, 540) 2019లో వచ్చింది. ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు వాడుతుంది, నేలను తనే సర్దుకుంటుంది. ఇంత తక్కువ ధరలో ఈ పద్ధతి దొరకడం అప్పట్లో కొత్త. కాయిల్ తడిసినా ఫరవాలేదు గానీ పైనున్న డబ్బాను నీళ్లలో ముంచకూడదు. ఎర్రనేలకు, నగలు వెతకడానికి మొదటి మిషన్‌గా నా ఓటు 440కి. 340లో సెట్టింగులు మరీ తక్కువ.

నోక్టా సింప్లెక్స్ ప్లస్ కూడా 2019దే. 12 కిలోహెర్ట్జ్, 11 అంగుళాల డీడీ కాయిల్, మూడు మీటర్ల లోతు నీళ్లలోనూ పనిచేసే మిషన్. బటన్ నొక్కి కాయిల్ ఊపితే నేలకు సర్దుకుంటుంది. దాని తర్వాత వచ్చిన సింప్లెక్స్ అల్ట్రా 15 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది. వంకల్లో, కుంటల్లో, వానలో తిరిగేవాళ్లకు ఇది మంచిది. మైన్‌ల్యాబ్ ఎక్స్‌టెర్రా ప్రో 5, 8, 10, 15 కిలోహెర్ట్జ్‌లలో కావాల్సింది ఎంచుకునే వీలిస్తుంది, నీళ్లకూ తట్టుకుంటుంది. ధర ఇంకో మెట్టు పైన.

ఇక ఆన్‌లైన్ దుకాణాల్లో ఎండీ 4030, ఎండీ 6250 లాంటి పేర్లతో చైనా మిషన్లు చవకగా దొరుకుతాయి. పనికిరావని అనను. హద్దు కడ్డీ, పూడిపోయిన ఇనుప పైపు, బోల్టులు, ఇలాంటి పెద్ద ఇనుప పనులకు ఇవే చాలు. కమ్మ కోసం ఇది కొంటే మాత్రం డబ్బు, ఓపిక రెండూ పోతాయి.

పైన చెప్పిన కంపెనీ మిషన్లలో ఏస్ 200, వాన్‌క్విష్ 340 విదేశాల్లో 200 డాలర్ల చుట్టూ, సింప్లెక్స్ ప్లస్ అంతకు కొంచెం పైన పలికేవి. ఇక్కడికొచ్చేసరికి సుంకాలు, దళారీ లాభం కలిసి ఎంతవుతుందో అమ్మేవాణ్ని బట్టి మారుతుంది. అందుకే కనీసం మూడు చోట్ల అడగండి.

ఆరో పని: ఒకే చేలో, ఒకే రోజు, పక్కపక్కన పెట్టి చూడటం

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. వీలైతే కొనేముందు తెలిసినవాళ్ల మిషన్ ఒక పూట తెచ్చుకోండి. లేదా అమ్మేవాణ్ని చేలోకి రమ్మనండి. రానంటే, వాపసు గడువు ఇచ్చే చోట కొని, గడువులోపల ఈ పరీక్ష పెట్టండి.

ఇంట్లో చూడొద్దు. మిద్దె ఇళ్ల స్లాబులో, బండల కింద ఇనుప కడ్డీలుంటాయి, పక్కన ఇనుప మంచం ఉంటుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను తుపాకితో కాలిస్తే, ఒంట్లో ఉన్న తూటా కోసం గ్రాహంబెల్ తను చేసిన పరికరంతో వెతికాడు. పరుపులో ఉన్న స్ప్రింగులు దాన్ని గందరగోళపెట్టాయని చెబుతారు. దానికి తోడు డాక్టరు ఒక పక్క మాత్రమే వెతకనిచ్చాడు. తూటా దొరకలేదు. నూట నలభై ఏళ్లు దాటినా ఇనుము చేసే అల్లరి మారలేదు.

ట్రాన్స్‌ఫార్మర్, హైటెన్షన్ తీగలు, మోటారు స్టార్టరు, కరెంటు కంచె వీటికి దూరంగా చోటు చూసుకోండి. జేబులోని సెల్‌ఫోన్ తీసి గట్టు మీద పెట్టండి. ఇనుప బకెట్టు, పార పక్కన పెట్టుకుని కాయిల్ ఊపకండి. రెండు మిషన్లు ఒకేసారి ఆన్ చేస్తే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి, ఒకదాన్ని ఆపి ఇంకొకటి వాడండి.

ముందు ఖాళీ నేల పరీక్ష. అయిదడుగుల చదరం గీసి, అందులో ఉన్న మేకులు, రేకులు అన్నీ ఏరేయండి. ఇప్పుడు ఆ చదరంలో లోహం లేదు. సెన్సిటివిటీ (ఎంత సన్న సంకేతానికి పలకాలో మిషన్‌కు చెప్పే మెట్టు) ఎక్కువలో పెట్టి, కాయిల్‌ను నేలకు రెండు వేళ్ల ఎత్తులో, సమంగా, తొందరపడకుండా ఊపండి. ఉత్తి నేలకే ఎన్నిసార్లు కూసిందో లెక్కపెట్టండి. కూత ఆగేదాకా సెన్సిటివిటీ ఒక్కొక్క మెట్టు తగ్గించండి. ఎక్కడ నోరు మూసిందో ఆ మెట్టు రాసుకోండి. ఇదే పని రెండో మిషన్‌తో చేయండి. ఫుల్‌లో పెట్టినా నిమ్మళంగా ఉన్నదానికి మీ నేల సరిపడినట్టు. సగానికి దించితే తప్ప ఊరుకోనిదాని డబ్బా మీద ఎంత లోతు రాసి ఉన్నా మీకు దక్కేది అంతకన్నా బాగా తక్కువే.

తర్వాత లోతు పరీక్ష. గుంత తీసి నాణెం వేసి పూడిస్తే మట్టి గుల్లబారి ఫలితం మారిపోతుంది. ప్రతి లోతుకూ మళ్లీ తవ్వడం కూడా విసుగే. దీనికి మంచి ఉపాయం ఒకటుంది. బోరు సామాన్ల అంగట్లో ఒకటిన్నర ఇంచు పీవీసీ పైపు నాలుగడుగులు తెచ్చుకోండి. గడ్డపారతో ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల్లో గాడి తీసి పైపును దింపి, చుట్టూ మట్టి కూరి, నీళ్లు పోసి రెండు రోజులు వదిలేయండి. సన్నటి వెదురు బద్దకు చివర నాణెం టేపుతో అంటించి పైపులోకి జార్చండి. బద్ద మీద పెన్నుతో గుర్తులు పెట్టుకోండి. 45 డిగ్రీలైతే పైపులో పది సెంటీమీటర్లు జారితే నిట్టనిలువు లోతు ఏడు. నాణెం కాస్త వాలుగా ఉంటుంది గానీ రెండు మిషన్లకూ అదే వాలు కాబట్టి పోలిక చెడదు.

పసుపు రంగు అయిదు రూపాయల నాణెం, పది రూపాయల నాణెం, వెండి మెట్టె, ఒక బంగారు ఉంగరం తీసుకోండి. ఉంగరాన్ని బద్దకు గట్టిగా కట్టి, ఇంకో దారం బయటకు వదలండి. పరీక్షలో పోగొట్టుకుంటే ఇంట్లో సమాధానం మీరే చెప్పుకోవాలి. బంగారం తేవడం ఇష్టం లేకపోతే చేపల గాలానికి కట్టే చిన్న సీసపు గుండు పెట్టండి, దాదాపు అలాగే పలుకుతుంది.

నాణెం ఉన్న చోటుకు సరిగ్గా పైన కాయిల్ ఊపండి. ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, రెండు వైపులా ఒకేలా పలికితేనే లెక్క. తర్వాత పక్కకు తిరిగి అడ్డంగా కూడా ఊపండి. ఒక్కసారి ‘టింగ్’ మని మళ్లీ పలకనిదాన్ని దొరికినట్టు రాయొద్దు, చేలో అలాంటి కూతకు ఎవరూ గుంత తీయరు. తెర మీద అంకె కూడా చూడండి. ప్రతి ఊపుకూ అంకె ఎగిరిపడుతుంటే ఆ లోతులో మిషన్ ఊహిస్తున్నట్టు. ప్రతి వస్తువుకూ అంకె నిలిచిన ఆఖరి లోతు రాయండి. గాలిలో నాణెం ఊపి చూసే పరీక్ష దుకాణంలో బాగుంటుంది, అక్కడ వచ్చిన దూరం నేలలో ఎప్పుడూ తగ్గుతుంది. ఆ అంకెను చేలో వచ్చిన దానితో పోల్చితే మీ నేల ఎంత మింగిందో కూడా తెలుస్తుంది.

చివరగా మేకు పరీక్ష. నేల మీద అయిదు రూపాయల నాణెం పెట్టి, నాలుగు వేళ్ల దూరంలో తుప్పుపట్టిన లాడం మేకు పెట్టండి. ఇనుము వద్దని సెట్ చేసి ఊపండి. నాణేన్ని చెప్పగలిగిందా, మేకుతో పాటు దాన్నీ మింగేసిందా? మేకును ఒక్కొక్క వేలు దగ్గరికి జరపండి. పాత ఊళ్ల దగ్గరి చేలకు, కళ్లాలకు ఈ పరీక్ష లోతు పరీక్ష కన్నా విలువైనది, ఎందుకంటే అక్కడ ఏదీ ఒంటరిగా ఉండదు.

ఎక్కువ లోతు పట్టే అల్లరి మిషన్, తక్కువ లోతులో నిమ్మళంగా పలికే మిషన్ రెండూ మిగిలితే, నేను రెండోదే తీసుకుంటాను. పోయిన కమ్మ మడక లోతులోనే ఉంటుంది. గంటసేపు ఉత్తుత్తి కూతలు విన్న చెవి అసలు కూత వచ్చినప్పుడు దాన్నీ నమ్మదు.

పరీక్ష ఎప్పుడు చేశారో కూడా రాసుకోండి. ఏప్రిల్ ఎండలో కాగిన నేలకు, వాన పడిన మర్నాడు తడిసిన నేలకు ఫలితం వేరుగా వస్తుంది. అందుకే ఒక మిషన్ మేలో, ఇంకో మిషన్ జూన్‌లో చూసి పోల్చకూడదు.

మధ్యలో ఒక హెచ్చరిక: యాంటెన్నా మిషన్లు

‘కిలోమీటరు దూరం నుంచే బంగారం చూపిస్తుంది’ అని రెండు కడ్డీలు బయటికొచ్చిన మిషన్ చూపించేవాళ్లు మన వైపు తిరుగుతుంటారు. లక్షల్లో చెబుతారు. వాళ్లే ముందు పాతిపెట్టిన చోటుకు కడ్డీ తిరుగుతుంది, చూసినవాళ్లు నోరు తెరుస్తారు. మెటల్ డిటెక్టర్ కాయిల్ కింద కొద్ది అడుగుల లోపలే పనిచేస్తుంది, దూరం నుంచి లోహాన్ని పిలిచే విద్య దేనికీ లేదు. ఏడీఈ 651 అనే పేరుతో ఇలాంటి కడ్డీ పరికరాన్నే బాంబులు పట్టేదని ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్ అనే బ్రిటన్ వ్యాపారికి 2013లో లండన్ కోర్టు పదేళ్ల జైలు వేసింది. అది గోల్ఫ్ బంతులు వెతికిపెడతానని అమ్మే ఆటవస్తువు నమూనాలో చేసిన డబ్బా.

అలాంటివాళ్లు ఎదురైతే వాదించకండి. ‘కళ్లకు గంతలు కట్టుకుని, మేం పాతిపెట్టిన చోటు చూపించు సామీ’ అనండి. ఆ రోజు బ్యాటరీ అయిపోయిందంటారు.

ఏడో పని: బిల్లు, వారంటీ, మిగతా ఖర్చులు

పేరున్న మిషన్లకు, ముఖ్యంగా గుంతలో వస్తువు ఎక్కడుందో చూపే, చేతిలో పట్టుకునే చిన్న పిన్‌పాయింటర్లకు నకిలీలు బాగా తిరుగుతున్నాయి. జీఎస్టీ బిల్లు ఇవ్వనివాడి దగ్గర కొనకండి. డబ్బా మీది సీరియల్ నంబరును కంపెనీకి మెయిల్ చేసి అడిగితే అసలుదో కాదో చెబుతారు. వారంటీ కాగితం మీద ఎవరి పేరుందో, రిపేరుకు ఎక్కడికి పంపాలో డబ్బు కట్టకముందే అడగండి. హైదరాబాదుకో బెంగళూరుకో పంపాలంటే ఫరవాలేదు. ‘విదేశానికి పంపాలి’ అంటే వారంటీ లేనట్టే లెక్కేసుకోండి. ఎక్కువగా పాడయ్యేది కాయిల్ వైరు కణుపు దగ్గర, కాబట్టి విడి కాయిల్ దొరుకుతుందా అని కూడా అడగాలి.

మిషన్‌కు పైన కొంత డబ్బు మిగుల్చుకోండి. పిన్‌పాయింటర్ ఉంటే గుంతలో మట్టిని పిడికిలి పిడికిలి జల్లెడ పట్టాల్సిన పని తప్పుతుంది. కమ్మల వెతుకులాటలో ఇది మిషన్ అంత ముఖ్యం. మిషన్ ఏస్ లేదా వాన్‌క్విష్ రకమైతే నాలుగు సన్న (ఏఏ) సెల్లులతో నడుస్తుంది, చార్జింగు సెల్లులు రెండు సెట్లు కొనుక్కోండి. చైనా చవక మిషన్లలో చాలావాటికి 9 వోల్టుల చదరపు సెల్లులు కావాలి, అవి తొందరగా అయిపోతాయి, పల్లెల్లో అన్ని అంగళ్లలో దొరకవు. హెడ్‌ఫోన్ తప్పనిసరి. సన్న కూతలు గాలి హోరులో చెవికి అందవు, పైగా హెడ్‌ఫోన్ లేకుండా తిరిగితే ఊళ్లో పిల్లలంతా వెంటపడతారు.

బరువు చేతికి ఎలా ఉందో దుకాణంలో రెండు నిమిషాలు పట్టుకుంటే తెలియదు. ఈ మిషన్లన్నీ కిలో పావు అటూ ఇటూగా ఉంటాయి. అరగంట ఊపి చూడండి, మోచేయి దగ్గర పట్టీ ఒరుసుకుంటుందేమో గమనించండి. మన ఎండలో తెర కనబడుతుందో లేదో మధ్యాహ్నం బయటికి తెచ్చి చూడాలి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మిషన్ వదిలేస్తే బ్యాటరీ, తెర రెండూ పాడవుతాయి.

కొన్న తర్వాత వాపసు గడువు ముగిసేలోపల ఆరో పనిలోని పరీక్షలన్నీ మీ చేతిలోకొచ్చిన మిషన్‌తోనే ఇంకోసారి చేయండి. ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. ఖాళీ నేల మీద అరుపు ఆగకపోయినా, అంకె నిలవకపోయినా, ఆ వీడియో పంపి మార్చి ఇమ్మనండి.